యూట్యూబ్‌లో చూసే బుర్రకథ ఎందుకు అంతగా పట్టుకోదు?

అదే కథ, అదే పాట. మరి ఎదురుగా కూర్చుని చూసినప్పుడు కలిగే పులకింత ఫోన్‌లో ఎందుకు రాదని కదా మీ ప్రశ్న. నాకు తోచింది ఇది: ఫోన్‌లో మీకు కథ అందుతుంది, కానీ అందులో మీరుండరు.

బుర్రకథ ఎలా నడుస్తుందో చూడండి. మధ్యలో తంబురాతో కథకుడు, చెరోపక్క గుమ్మెటలనే డోళ్లతో ఇద్దరు వంతలు, అంటే వంతపాడేవాళ్లు. ‘తందాన తాన’ అనడం ఒక్కటే వాళ్ల పని కాదు. కథ ఎక్కడో పల్నాటి యుద్ధంలో ఉంటే, హాస్యం చెప్పే వంత ముందు వరసలో కునికిపాట్లు పడే తాతగారి మీద జోకు వేస్తాడు. రెండో వంత కథ ఆపించి ఊరి రాజకీయం ఎత్తుతాడు. జనం నవ్వితే ఇంకాస్త సాగదీస్తారు, చప్పబడితే టక్కున వీరరసంలోకి దూకుతారు. అంటే ఆ రాత్రి కథ ఎలా సాగాలో సగం మనమే తేలుస్తున్నాం.

1940ల్లో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఈ కళను చేపట్టినప్పుడు, షేక్ నాజర్ లాంటి కథకులు అంతంత జనాన్ని కదిలించడానికి గొంతుతో పాటు ఈ ఇచ్చిపుచ్చుకోవడం కూడా కారణమే అనుకుంటాను.

వీడియోలో జోకుకు నవ్వొస్తుంది, నిజమే. కాకపోతే ఆ తాతగారు వేరే ఊరివారు.