కొలువు మార్పు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో సిగ్నల్స్ హవల్దారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళం తరఫున దక్షిణ సూడాన్‌లో ఉన్నాడు. పది నెలల్లో పదవీ విరమణ. విశాఖలో ఉద్యోగానికి అక్కడి నుంచే ప్రయత్నించవచ్చా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: నిస్సందేహంగా ప్రయత్నించవచ్చు. సర్వీసు ముగియడానికి ఏడాదిలోపు గడువు ఉన్న సైనికుడు, ఆ తేదీని ధ్రువీకరిస్తూ తన యూనిట్ అధికారి ఇచ్చిన పత్రంతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాజీ సైనికుల కోటాలోనే దరఖాస్తు చేయవచ్చు. ఈ కోటా కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో 10 శాతం. మన స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో 14.5 శాతం. వయసు గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. అసలు వయసులోంచి సర్వీసు కాలాన్ని తీసివేయగా మిగిలినది గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు మించి దాటకపోతే అర్హత ఉన్నట్లే. పదో తరగతి చదివి 15 ఏళ్ల సర్వీసు పూర్తిచేసినవారిని, సాంకేతిక అర్హత అడగని గ్రూప్-సి పోస్టులకు పట్టభద్రులతో సమానంగా పరిగణిస్తారు.

ప్రైవేటు సంస్థల సంగతి వేరు. దరఖాస్తులో హోదా మాత్రమే రాస్తే అక్కడివారికి ఏమీ బోధపడదు (ఇది నేను తరచూ చూసే పొరపాటు). ఏ రేడియో పరికరాలు నడిపారో, ఎంతమందిని పర్యవేక్షించారో మామూలు మాటల్లో రాయమనండి. తిరిగి రాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించండి.