మామూలు ఫోనుతో ప్రయాణాల్లో మంచి ఫొటోలు తీయడం ఎలా?

ఖరీదైన కెమెరా కొనకుండా, చేతిలో ఉన్న ఫోనుతోనే ప్రయాణాల ఫొటోలు బాగా తీయవచ్చా అని అడిగారు. తప్పకుండా తీయవచ్చు. పదేళ్లుగా ఎక్కడికి వెళ్లినా నా వెంట ఉండేది ఫోను ఒక్కటే.

మొదట్లో నా ఫొటోలన్నీ ఒకే తీరుగా వచ్చేవి. పైన సగం ఆకాశం, కింద సగం నేల, నడుమ ఎక్కడో చీమంత మనిషి. కారణం చాలా ఆలస్యంగా తెలిసింది. ఫోనులోని ప్రధాన కెమెరా బాగా వెడల్పుగా చూస్తుంది. పెద్ద కెమెరాల లెక్కలో అది సుమారు 24 నుంచి 28 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం; ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా చూస్తుంది. కంటికి దగ్గరగా తోచిన కొండ ఫొటోలో ఎక్కడికో వెనక్కి పోతుంది. జూమ్ చేస్తే సరిపోతుందనుకోకండి. దూరాన్ని దగ్గర చేసే ప్రత్యేక లెన్సు లేని ఫోనులో జూమ్ అంటే బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే, కొత్త వివరాలు రావు. వీలైతే నాలుగు అడుగులు ముందుకు వేయండి. అన్నట్టు, తీసేముందు లెన్సు తుడవండి. జేబులో తిరిగే ఫోనుకు వేలిముద్రల జిడ్డు అంటుకుని బొమ్మంతా మసకబారుతుంది.

ఇక వెలుతురు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక పాత కోటలో మిట్టమధ్యాహ్నం రాతి గోడను ఫొటో తీస్తే సున్నం పూసినట్టు చప్పగా వచ్చింది. మర్నాడు పొద్దు పొడవగానే మళ్లీ వెళ్లాను. ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడుతోంది. ఒక్కో రాయి మీద ఉలి దెబ్బలు, ప్రతి గాటు పక్కనా సన్నని నీడ, రాళ్ల సందులో మొలిచిన మొక్క ఆకుల మీది నూగు కూడా కనిపించాయి. అప్పటి నుంచి ఒక రోజులో ఐదు చోట్లు చూడాలనుకుంటే రెండు మానేసి, నచ్చిన చోటికి రెండుసార్లు వెళ్తున్నాను.

ఆకాశం తెల్లగా వెలిసిపోతుంటే, తెర మీద ఆ భాగాన్ని వేలితో తాకి వెలుగు తగ్గించండి. చీకటిగా వచ్చిన చోటును తర్వాత కొంత వెలిగించుకోవచ్చు కానీ, పూర్తిగా తెల్లబడిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. రాత్రిపూట దూరపు దృశ్యాలకు ఫ్లాష్ పనికిరాదు, దాని వెలుగు కొన్ని అడుగులకు మించి పోదు. దానికి బదులు ఫోను కదలకుండా గోడకు ఆనించి, కొన్ని సెకన్ల తర్వాత దానంతటదే ఫొటో తీసేలా టైమర్ పెట్టండి.

మనుషులను తీసేముందు అడగండి. అడిగితే సహజత్వం పోతుందని భయపడేవాణ్ని. ఒకసారి పడవ నడిపే పెద్దాయనను అడిగాను. సరేనని నిటారుగా నిలబడ్డారు, ఒకటి తీశాను. ఆ తర్వాత కూడా కాసేపు అక్కడే కూర్చున్నాను. ఆయన నన్ను మరిచిపోయి తాడు ముడి వేసుకోసాగారు. తడిసిన తాడు, దాన్ని బిగిస్తున్న వేళ్లు, గోళ్ల అంచున బురద. అప్పుడు తీసిన రెండోదాన్ని ఆయనకు చూపించాను. తన చేతులనే చాలాసేపు చూసుకున్నారు.