ఆరో నెలలోనే ఆడేస్తానంటున్న మేనల్లుడికి

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. నొప్పి అస్సలు లేదు, మెట్లు ఎక్కినా దిగినా ఏమీ అనిపించడం లేదు, సీజన్‌లో ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలాయి, మోకాలి ఆపరేషన్ అయి ఆరో నెల నిండగానే చివరి ఇరవై నిమిషాలైనా ఆడతాను, కోచ్‌కి నువ్వొక మాట చెప్పు మామయ్యా అని రాశావు. చెప్పను. కానీ వద్దని ఒక్క ముక్కలో అనేస్తే నువ్వు వినే రకం కాదు, అచ్చం మీ అమ్మే. అందుకే కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను. కోపం వస్తే సగంలో ఆపి రేపు చదువు.

ఇన్నేళ్లు ఫుట్‌బాల్ జట్ల వెంట ఫిజియోగా తిరిగి నేను చూసింది ఒకటుంది. మంచి స్ట్రైకర్ల కెరీర్లు మొదటి గాయంతో పాడవడం తక్కువ. దాని నుంచి తొందరపడి వచ్చినప్పుడు తగిలే రెండోదానితో పాడవుతాయి. నీ సంగతే చూడు. కుడి తొడ వెనక కండరం, హ్యామ్‌స్ట్రింగ్, పట్టేసింది, మూడు వారాల్లో వచ్చేశావు, వచ్చిన మ్యాచ్‌లోనే గోల్ కొట్టావు, అందరూ మెచ్చుకున్నారు. తర్వాతి వారం అదే చోట చిరిగింది, ఈసారి ఏడు వారాలు. మళ్లీ వచ్చాక కుడికాలిని కాచుకుంటూ ఎడమకాలి మీదే ఆగడం, తిరగడం మొదలెట్టావు. నీకు తెలియలేదు గానీ వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఎడమ మోకాలిలోనే ఏసీఎల్, అంటే లోపల ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్, తెగింది. దానివల్లే ఇది జరిగిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ అలసిన కాలు, అలవాటు లేని అడుగు ఒకచోట కలిస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు నొప్పి లేదంటున్నావు. సంతోషం. అయితే తెగినదాని బదులు మోకాలిలో పెట్టిన ముక్క, అదే గ్రాఫ్ట్, సిద్ధమైందో లేదో నొప్పి చెప్పదురా. నీ హ్యామ్‌స్ట్రింగ్ ముందే దెబ్బతిని ఉంది కాబట్టి డాక్టర్ మోకాలిచిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ) నుంచి ముక్క తీసి లిగమెంట్ స్థానంలో బిగించారు. ఆ ముక్క బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది. తర్వాత మొదటి కొన్ని నెలల్లో బలహీనపడుతుంది. రక్తనాళాలు దానిలోకి పాకాలి, కొత్త కణాలు చేరాలి, నారలు మళ్లీ అల్లుకోవాలి. ఇదంతా ఏడాది దాటి కూడా సాగుతుంది. తమాషా ఏమిటంటే ఈ పని లోపల నడుస్తుండగానే పైన వాపు తగ్గిపోతుంది, నొప్పి మాయమవుతుంది, నీలాంటి కుర్రాడికి ఎగిరి గంతేయాలనిపిస్తుంది. పచ్చిగోడ మీద స్లాబు వేస్తామా? నిలబడ్డట్టే ఉంటుంది, కొన్నాళ్లు.

2016లో నార్వే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది, మా వాళ్లందరూ దాన్నే చెబుతారు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల వరకు, ఆటకు తిరిగి రావడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. ఒక్క నెలకు సగం! నీ వయసు వాళ్లకు ఇంకో భయం కూడా ఉంది. పాతికేళ్ల లోపు వాళ్లు ఇలా ఆపరేషన్ చేయించుకుని ఆటకు తిరిగొస్తే, దాదాపు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలిలో ఏసీఎల్ మళ్లీ తెగుతోంది. ఆ మోకాలే కానక్కర్లేదు, బాగున్న కాలిది కూడా పోవచ్చు. ఆరో నెలలో ఇరవై నిమిషాల ఆట కోసం ఈ పందెం ఎందుకు?

రొనాల్డో పేరు చెబితే నీకు పోర్చుగల్ ఆయన గుర్తొస్తాడు. నేను చెప్పేది బ్రెజిల్ ఆయన గురించి. 1999 నవంబర్‌లో ఇంటర్ మిలాన్ తరఫున ఆడుతూ కుడి మోకాలి టెండన్ దెబ్బతీసుకున్నాడు. ఆపరేషన్ అయింది. 2000 ఏప్రిల్ 12న లాజియోతో ఇటలీ కప్ ఫైనల్, రోమ్‌లో. సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. కొద్ది నిమిషాలకే బంతి మీదుగా కాలు తిప్పుతూ డిఫెండర్ వైపు దూసుకెళ్లబోయాడు, ఎవరూ తాకకుండానే ఆ మోకాలు మడతపడింది. ఆ వీడియో ఒక్కసారి చూడు, చాలు. ఎవరైనా తన్నారా, తోశారా అని వెతుకుతావు, ఎవరూ ఉండరు. ఈసారి టెండన్ పూర్తిగా తెగింది. ఆ మోకాలికి ఆడే సత్తా రావడానికి ఏడాదికి పైనే పట్టింది. కానీ కథ అక్కడ ఆగలేదు. 2002 ప్రపంచకప్‌లో ఎనిమిది గోల్స్ కొట్టాడు, ఫైనల్లో జర్మనీ మీద పడ్డ రెండూ ఆయనవే. అప్పటికి ఆట మార్చుకున్నాడు. సగం మైదానం నుంచి నలుగుర్ని దాటుకుంటూ పరిగెత్తడం తగ్గించి, గోల్ దగ్గర ఎక్కడ నిలబడాలో చూసుకున్నాడు. అది నీకు పనికొచ్చే పాఠం, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

ఇంగ్లండ్ స్ట్రైకర్ అలన్ షియరర్‌ది ఇంకా నచ్చుతుంది నాకు. 1992 డిసెంబర్‌లో, ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్‌లోనే ఆయనకి ఏసీఎల్ పోయింది. అప్పటికి లీగ్‌లో 16 గోల్స్. మిగతా సీజన్ అంతా బయటే కూర్చున్నాడు. తర్వాతి సీజన్‌లో 31, ఆ పైసారి 34, ఆయన క్లబ్ బ్లాక్‌బర్న్‌కి టైటిల్. మొత్తం ప్రీమియర్ లీగ్ గోల్స్ 260, ఇవాళ్టికీ అదే రికార్డు. అంటే 244 గోల్స్ ఆ మోకాలి ఆపరేషన్ తర్వాతవి. ఆ మిగతా సీజన్ పోయిందని ఇప్పుడు ఎవరైనా అంటున్నారా?

ఇంగ్లండ్‌దే ఇంకో స్ట్రైకర్, మైకేల్ ఓవెన్ సంగతి వేరు. 18 ఏళ్లకే ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద ఆ గోల్ కొట్టాడు, 19 ఏళ్లకు, 1999 ఏప్రిల్‌లో లీడ్స్‌తో మ్యాచ్‌లో, హ్యామ్‌స్ట్రింగ్ తీవ్రంగా చిరిగింది. 2001లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ కూడా గెలిచాడు, కాదనను. కానీ ఆ తొడ వెనక కండరం మళ్లీ మునుపటిలా కాలేదని, ఆ వేగం పోయిందని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. అందుకే నీ మోకాలి గురించి ఎంత చెప్పినా, నీ కుడి తొడను మర్చిపోనివ్వను.

హ్యామ్‌స్ట్రింగ్ గాయానికి అన్నిటికంటే పెద్ద కారణం పాత హ్యామ్‌స్ట్రింగ్ గాయమే. ఒకసారి చిరిగిన చోట కండరం పొట్టిగా, గట్టిగా అతుక్కుంటుంది. పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు, కాలు ముందుకు చాచి ఇంకా నేలకు ఆనకముందు, ఆ కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి. అక్కడే తెగుతుంది. ఊరికే నడిచినప్పుడో, జాగింగ్‌లోనో ఈ పని ఉండదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి దాన్ని సాగుతూ పనిచేసేలా తయారు చేయాలి. నీకు నార్డిక్ వ్యాయామం తెలుసు, మోకాళ్ల మీద నిలబడతావు, వెనక ఒకరు చీలమండలు పట్టుకుంటారు, ఒళ్లంతా పలకలా ఉంచి మెల్లగా ముందుకు వాలుతావు. నువ్వు చేసేటప్పుడు చూశాను, నడుం దగ్గర వంగిపోయి పిర్రలు వెనక్కి పెడతావు. అలా చేస్తే పది చేసినా దండగ. తుంటి నిటారుగా ఉంచి నాలుగే చెయ్, ఎంత ఆలస్యంగా పడగలిగితే అంత ఆలస్యంగా పడు. మొదటి రెండు వారాలు మర్నాడు కూర్చోవడానికి కూడా తొడ వెనక సలుపుతుంది, అది మామూలే. జట్లు దీన్ని క్రమం తప్పకుండా చేస్తే హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. చేసేవాళ్లే తక్కువ, ఎందుకంటే గోల్స్ ప్రాక్టీస్ అంత సరదాగా ఉండదు. మోకాలికి ఆపరేషన్ అయింది కదా, ఎప్పుడు మొదలెట్టాలో మాత్రం మీ ఫిజియోని అడిగి మొదలుపెట్టు.

మరి మోకాలు సిద్ధమైందని ఎలా తెలుస్తుంది? క్యాలెండర్ ఒక్కటే సరిపోదు, పరీక్షలు ఒక్కటే సరిపోవు, రెండూ కావాలి. ఒంటికాలి మీద గెంతిస్తారు, ఆపరేషన్ అయిన కాలు మంచికాలి దూరంలో 90 శాతం గెంతితే పాస్ అంటారు. ఇందులో రెండు తిరకాసులున్నాయి. ఒకటి, ఇన్ని నెలలు ఇంట్లో కూర్చుని నీ మంచికాలు కూడా నీరసించింది. నీరసించిన కాలితో పోల్చి 90 అంటే ఏం లాభం? గాయానికి ముందు క్లబ్ వాళ్లు తీసిన కొలతలు ఉంటాయి, అవి అడిగి తెప్పించుకో. రెండోది, తొడ ముందు కండరం బలహీనంగా ఉన్నా తుంటి, చీలమండ సాయంతో దూరం గెంతేయవచ్చు. మెషిన్ మీద తొడ బలం విడిగా కొలిస్తే నిజం బయటపడుతుంది. నీ గ్రాఫ్ట్ మోకాలిచిప్ప కింది నుంచి తీశారు కాబట్టి నీకు తొడ ముందు కండరమే ఆలస్యంగా వస్తుంది. ఆ పరీక్ష చేయకుండా ఎవరైనా సరే అంటే ఒప్పుకోకు.

ఇంట్లో నువ్వు రోజూ చూసుకోవాల్సింది ఒక్కటే. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, కాలు చాపి మోకాలిచిప్ప లోపలి పక్కన అరచేత్తో పైకి నెమ్మదిగా రాయి, తర్వాత బయటి పక్కన పై నుంచి కిందికి రాయి. లోపలి పక్క గుంటలోకి నీరు బుడుంగుమని చేరిందంటే నిన్నటి పని మోకాలికి ఎక్కువైందన్నమాట. ఆ రోజు బరువూ పరుగూ తగ్గించు. నొప్పి అబద్ధం చెప్పొచ్చు, ఈ నీరు చెప్పదు. పరుగు పెంచిన ప్రతిసారీ మర్నాటి పొద్దునని బట్టే తర్వాతి అడుగు.

ఇక ఒత్తిడి గురించి. నిన్ను ఆడమనే వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. కోచ్‌కి మ్యాచ్ గెలవాలి, ఏజెంట్‌కి వేసవిలో కొత్త కాంట్రాక్టు మాట్లాడాలి, అభిమానులకి నువ్వు కనిపించాలి. అందరి లెక్కా ఈ సీజన్ వరకే. నీ మోకాలు మాత్రం నీతో ముప్పై అయిదేళ్ల వరకు రావాలి. ఎవరైనా ఇంజక్షన్ చేసి దింపుదాం అంటే సర్జన్ లేని చోట సమాధానం చెప్పకు. "డాక్టర్ గారితో మాట్లాడి చెబుతాను" అను, అంతే. పోట్లాడక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం చాలా మంది పెద్ద ఆటగాళ్లకే నోటికి రాదు.

నెదర్లాండ్స్ స్ట్రైకర్ మార్కో వాన్ బాస్టెన్ మూడుసార్లు బాలన్ డి'ఓర్ గెలిచినవాడు. చీలమండ కారణంగా 28 ఏళ్లకు, 1993లో, ఆఖరి మ్యాచ్ ఆడేశాడు. ఫ్రాన్స్ ఆటగాడు ఉస్మాన్ డెంబెలె 2017లో బార్సిలోనాకి వెళ్లగానే హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ తెగి, తర్వాత కూడా ఏళ్ల తరబడి గాయాలతోనే ఉన్నాడు. వీడి పని అయిపోయిందని ఎంతమంది అన్నారో! ఆయన 28 ఏళ్లకు, 2025లో, బాలన్ డి'ఓర్ ఎత్తుకున్నాడు. నీకు ఇంకా ఇరవై నిండలేదురా. ఒక్క సీజన్ ఆఖరు పోతే టెన్షన్ దేనికి?

ఇప్పుడు ఖాళీగా ఉన్న టైమ్ సంగతి. జట్టు మ్యాచ్‌లు చూడ్డానికి వెళ్లినప్పుడు బంతిని చూడకు. నీ పొజిషన్‌లో ఆడుతున్న వాడిని మాత్రమే చూడు, బంతి రాకముందు మూడు సెకన్లు. క్రాస్ వచ్చేముందు డిఫెండర్ ఏ భుజం మీదుగా వెనక్కి చూశాడు, అప్పుడు మనవాడు ఎటు జరిగాడు, జరగాల్సింది ఎటు. నువ్వు ఇప్పటిదాకా వేగంతో గెలిచావు కాబట్టి ఈ పని నీకు ఎప్పుడూ అవసరం పడలేదు. రొనాల్డో మార్చుకున్నది ఇదే. వేగం తిరిగొస్తుంది, వస్తుందనే అనుకుందాం. కానీ ప్రతి గోల్‌కీ పూర్తి వేగం ఖర్చు పెట్టే స్ట్రైకర్ కంటే, పదింటిలో ఆరు నిలబడిన చోటు నుంచే కొట్టేవాడి కాళ్లు ఎక్కువ కాలం ఉంటాయి.

నిద్ర, తిండి గురించి మీ అమ్మ చెప్పనిది నేను చెప్పేదేమీ లేదు. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో గేమ్ ఆడుతున్నావని మాత్రం తెలిసింది.

భయం వేస్తోందని నువ్వు రాయలేదు. కానీ పోయినసారి వీడియోలో ఎడమకాలి మీద ఆగాల్సి వచ్చినప్పుడల్లా ఒక చిన్న అడుగు ఎక్కువ వేస్తున్నావు. అది కండరం కాదు, నమ్మకం. క్లబ్‌లో సైకాలజిస్ట్ ఉంటే వెళ్లి మాట్లాడు, సిగ్గుపడే విషయం కాదు. ఆ అడుగు పోయేదాకా డిఫెండర్ ఎదురుగా ఉండే డ్రిల్స్ వద్దని మీ ఫిజియోకి నేనే ఫోన్ చేసి చెబుతాను, అది నీ తరఫున చేస్తాను. కోచ్‌తో మాత్రం నువ్వే మాట్లాడుకో, తొమ్మిదో నెల లోపు మ్యాచ్ ఆడనని.

ఆదివారం లోపు నాకు మూడు పంపు. గాయానికి ముందు తీసిన బలం కొలతలు, ఆపరేషన్ రిపోర్టు, నార్డిక్ చేస్తున్నప్పటి వీడియో. వీడియో పక్క నుంచి తీయించు, ఎదురుగా కాదు, తుంటి వంగుతోందో లేదో నాకు కనిపించాలి.

మామయ్య