సైన్యంతో సంబంధం లేనివాళ్లం మాజీ సైనికులకు ఏం చేయగలం? కొన్నేళ్లుగా మేము చేస్తున్నది

మీరు అడిగింది ఇది: "మా ఇళ్లలో సైన్యంలో పనిచేసినవారు ఎవరూ లేరు. స్నేహితులం ఏడెనిమిది మందిమి కలిసి జవాన్ల కుటుంబాలకు, మాజీ సైనికులకు ఏదైనా చేయాలనుకుంటున్నాం. బయటివాళ్లం కదా, మా వల్ల నిజంగా ఉపయోగపడే పని ఏముంటుంది?"

మా ఇంట్లోనూ ఎవరూ లేరు. నేను తపాలా శాఖలో 36 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో సైన్యానికి వెళ్లినవారు చాలా ఎక్కువ. మెట్ట భూములు, వానను నమ్ముకున్న సేద్యం. చదువు అయిపోగానే కుర్రాళ్లు పొద్దున్నే రోడ్ల మీద పరుగు సాధన మొదలుపెడతారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా సంచిలో సగం ఉత్తరాల మీద '56 ఏపీఓ' అనే సైనిక తపాలా కార్యాలయం ముద్రే ఉండేది. ఏ ఇంటికి మనియార్డరు వచ్చింది, ఏ ఇంటికి మూడు నెలలుగా ఉత్తరం రాలేదు అన్నది మాకు తెలిసేది. సైన్యంతో నాకున్న సంబంధం అంతే. అదే చాలింది.

మా బృందంలో ఇప్పుడు తొమ్మిది మందిమి. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మీసేవలో పనిచేసే అమ్మాయి, డిగ్రీ చదివే పిల్లలు నలుగురు, నేను. పేరు, బోర్డు, రసీదు పుస్తకం ఏవీ పెట్టుకోలేదు. ఒక విశ్రాంత హవల్దారు గారు మాకు దారి చూపిస్తారు.

మొదటి ఏడాది అందరూ చేసేదే మేమూ చేశాం. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతున్నది. హైస్కూలు ఆవరణలో షామియానా వేయించి, ముప్పై మందికి శాలువాలు కప్పాం. ఒక పెద్దమ్మ చనిపోయిన తన భర్తకు బదులుగా వచ్చి శాలువా కప్పించుకున్నారు. కార్యక్రమం ముగిశాక నా దగ్గరికి వచ్చి, చీర కొంగులో ముడివేసిన కాగితం విప్పి చేతిలో పెట్టారు. "శాలువా బాగుంది నాయనా. దీంట్లో ఏముందో కాస్త చదివి చెప్పు" అన్నారు.

అది బ్యాంకు పాస్‌బుక్కులోంచి చించిన పేజీ. నాలుగు నెలలుగా కుటుంబ పింఛను పడలేదు. ఆమె లైఫ్ సర్టిఫికెట్ (పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే ధ్రువీకరణ) ఇచ్చారు, నూటయాభై రూపాయలు తీసుకుని నెట్ సెంటరులో చేశారు కూడా. కానీ అక్కడి అబ్బాయి పింఛను ఇచ్చే సంస్థ అన్న చోట పాత బ్యాంకు పేరు నొక్కాడు. రక్షణ శాఖ పింఛన్లు చాలావరకు ఇప్పుడు బ్యాంకుల చేతిలో లేవు, 'స్పర్శ్' అనే విధానంలోకి మారిపోయాయి. అది ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల కార్యాలయం కింద నడుస్తుంది. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో స్పర్శ్ పేరు ఎంచుకోవాలి, పాత పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు కాకుండా స్పర్శ్ ఇచ్చిన కొత్త నంబరు వేయాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా సర్టిఫికెట్ తయారవుతుంది, కాగితం చేతికి వస్తుంది, చేరవలసిన చోటికి మాత్రం చేరదు. ఆమె ఆ కాగితాన్ని దేవుడి పటం వెనుక భద్రంగా దాచుకుని, నాలుగు నెలలు ఎదురుచూశారు.

సరిచేయడానికి మాకు పట్టింది ఇరవై నిమిషాలు. పింఛను మళ్లీ మొదలైంది, ఆగిన నెలల డబ్బు కూడా తర్వాత వచ్చింది. ఆ సంవత్సరం నుంచి శాలువాలు మానేశాం. ఆ పనికి పెట్టే ఖర్చుతో ఒక ల్యాప్‌టాప్, వేలిముద్ర యంత్రం కొన్నాం.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. కాగితాల దగ్గర వారి పక్కన కూర్చోండి. చదువుకున్న పౌరుడు ఎవరైనా చేయగల పని ఇది. జవాను ముప్పై ఐదు, నలభై ఏళ్లకే ఇంటికి వచ్చేస్తాడు. ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు అతనికి, అతని తర్వాత భార్యకు, కార్యాలయాలతోనే పని. ఆ కార్యాలయాలేమో ఊరికి దూరం. ఇక్కడి నుంచి ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి రావాలంటే ఒక రోజంతా పోతుంది. జవాన్ల సర్వీసు వివరాలు ఉండే రికార్డు ఆఫీసు మరీ దూరం: ఆర్టిలరీ (ఫిరంగి దళం) అయితే నాసిక్, సిగ్నల్స్ (సమాచార దళం) అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ వారిది సికింద్రాబాదులో ఉంది, అంతవరకు అదృష్టం.

ఒక సంఘటన చెబుతాను. మా పని ఎలా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొండ పక్క పల్లెలో, సైన్యంలో నాయక్ ర్యాంకులో పనిచేసిన ఒకాయన చనిపోయారు. భార్యకు డెబ్బై దాటాయి, చదువు రాదు. భర్త పోయి ఏడాదైనా కుటుంబ పింఛను రాలేదు. కాగితాలు చూపించమంటే మంచం కింద నుంచి ఇనుప పెట్టె లాగారు. సైన్యంలో ఇచ్చే నల్ల పెట్టె. మామూలుగా దాని మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. కూతురి పెళ్లప్పుడు ఇంటికి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు ఈ పెట్టెకూ వేసేశారు. లోపల, సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కుకు చెదలు పట్టింది. మొదటి పేజీ, నంబరు ఉన్న పేజీ, వేలితో తాకితే పొడిగా రాలింది. పీపీఓ కాగితం అసలే లేదు. పింఛను వచ్చిన పాత బ్యాంకు శాఖకు వెళితే, ఖాతా వేరే చోటికి మారిందని, తమ దగ్గర ఏమీ లేదని చెప్పారు.

నంబరు లేకుండా ఏ కార్యాలయమూ కదలదు. మా మీసేవ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. అంతసేపూ గడప దగ్గర కూర్చుని ఉన్న ఆ పెద్దమ్మ, "నంబరే కదా" అని, కళ్లు మూసుకుని అంకెలు ఒక్కొక్కటే చెప్పారు. చివర అక్షరంతో సహా. ఆ తర్వాత ర్యాంకు, పేరు, యూనిట్ పేరు, 'కేరాఫ్ 56 ఏపీఓ'. ఆపకుండా, పాఠం అప్పజెప్పినట్టు.

పెళ్లయిన కొత్తలో ఆమె ఉత్తరాలు ఇంకొకరి చేత రాయించుకునేవారు. రాసేవారు చిరునామా తప్పు రాస్తారేమోనని ప్రతిసారీ నోటితో చెప్పించి రాయించేవారు. భర్తే నేర్పించి వెళ్లారట, నంబరు ఒక్కటి తప్పినా ఉత్తరం చేరదని. అక్షరం రాని మనిషి యాభై ఏళ్లు ఆ నంబరును నోట్లో పెట్టుకుని బతికారు. అలాంటి ఉత్తరాలను సంచుల కొద్దీ మోసిన నాకు ఆ పూట మాట రాలేదు.

ఆ నంబరుతో రికార్డు ఆఫీసుకు జిల్లా కార్యాలయం ద్వారా రాశాం. వివరాలు దొరికాయి. అప్పుడు రెండో చిక్కు బయటపడింది. సైన్యం రికార్డులో భార్య పేరు నాగమ్మ, ఆధార్‌లో వెంకట నాగమ్మ. పుట్టిన సంవత్సరంలో నాలుగేళ్ల తేడా. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్, ఊరి నుంచి ధ్రువీకరణ, మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు వివరాలు జతచేసి మళ్లీ పంపాం. ఏడు నెలలు పట్టింది. (పేర్లు మార్చి రాశాను.) పింఛను భర్త పోయిన మర్నాటి నుంచి లెక్కకట్టి వచ్చింది. కుటుంబ పింఛను కనీస మొత్తమే 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం. ఆమెకు అది మందుల డబ్బు, కూతురి దగ్గర చేయి చాచకుండా గడిచే నెల.

ఇక్కడ మీరు గట్టిగా గుర్తు పెట్టుకోవలసినది ఒకటుంది. ఆ పేరు తేడాను భర్త బతికి ఉండగా సరిచేసి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదు. ఆయన సంతకంతో దరఖాస్తు వెళితే పని తేలిక. ఆయన పోయాక తానే ఆయన భార్యనని ఆమె నిరూపించుకోవాలి. ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషిని ఆ మాట అడగడం ఎంత బాధాకరమో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. అందుకే మేము ఇప్పుడు ప్రతి పల్లెలో ముందుగా చూసేది ఇదే: పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ ఉన్నాయా, ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోతున్నాయా, బ్యాంకులో ఉమ్మడి ఖాతా ఉందా. చాలామంది మగవారు "అదంతా తర్వాత చూద్దాం" అంటారు. ఆ మాటకు మేము ఒప్పుకోం. కోపం వచ్చినా సరే, కూర్చోబెట్టి సంతకం చేయిస్తాం.

నవంబరు మా పండుగ నెల. చాలామందికి లైఫ్ సర్టిఫికెట్ గడువు అప్పుడే. పొలం పని చేసి చేసి అరిగిన వేళ్లకు వేలిముద్ర పడదు. తడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, పదిసార్లు పెట్టి చూసేవాళ్లం. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చింది, ఫోను ఉంటే చాలు. ఎండ నేరుగా పడని వరండాలో, తెల్ల గోడ ముందు కూర్చోబెట్టండి. కళ్లు ఒకసారి ఆర్పమంటుంది ఫోను. పెద్దవారు ఫోటో అనుకుని బిగుసుకుని కూర్చుంటారు, కన్ను ఆర్పరు. మా డిగ్రీ పిల్ల ఒకతి వారి వెనుక తలుపు దగ్గర నిలబడి, పక్కనే ఉన్న మనవరాలితో "తాతను నవ్వించు" అంటుంది. పని అయిపోతుంది. మంచం దిగలేని వారి ఇంటికి మేమే వెళ్తాం. పోస్ట్‌మ్యాన్ కూడా ఇంటికి వచ్చి చేస్తాడు, కొద్దిపాటి రుసుము ఉంటుంది.

పింఛను లేని మాజీ సైనికులను మరచిపోకండి. పదిహేనేళ్ల సర్వీసు నిండకుండా వచ్చేసినవారిలో చాలామందికి పింఛను ఉండదు. వారు సన్మాన సభలకు కూడా రారు. 65 దాటి ఆధారం లేనివారికి, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు నుంచి నెలవారీ సాయం ఉంది. 4,000 రూపాయలుగా ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000 చేశారు. పిల్లల చదువుకు, కూతుళ్ల పెళ్లికి ఇచ్చే సాయం కూడా అప్పుడే రెట్టింపైంది. హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకుల వారికి ఇవి. దరఖాస్తు జిల్లా సైనిక కార్యాలయం ద్వారానే వెళ్లాలి. మా మండలంలో ఇలాంటివారిని వెతకడానికి పాత పోస్ట్‌మ్యాన్లనే అడిగాం. ఎవరు ఎప్పుడు వెళ్లి ఎప్పుడు తిరిగి వచ్చారో వారికి గుర్తుంది.

ఇప్పుడు సర్వీసులో ఉన్న జవాన్ల ఇళ్లలో అవసరం వేరు. అతను సరిహద్దులో ఉంటే ఇక్కడ గట్టు తగాదా, భూమి పాస్‌పుస్తకంలో తప్పు, తండ్రికి ఆపరేషన్. సెలవు మీద వచ్చినవాడు ఆ సెలవులో సగం రెవెన్యూ కార్యాలయం మెట్ల మీద గడిపితే ఎలా? మా బృందంలో ఉపాధ్యాయులు ఈ పని చూస్తారు, ఆ తండ్రి వెంట వెళ్లి అర్జీ రాసిస్తారు. కోర్టు దాకా పోతే మేము తలదూర్చం, న్యాయ సాయానికి పంపుతాం. 2025 జులై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ 'వీర్ పరివార్ సహాయతా యోజన' ప్రారంభించింది, సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. ముందు అక్కడ అడగండి.

డబ్బు విషయంలో కఠినంగా ఉండండి. మేము ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం, చందాలు వసూలు చేయం. ఇవ్వాలనుకున్న దాతకు పతాక దినోత్సవ నిధికి నేరుగా ఇవ్వమని చెబుతాం. బకాయిలు ఇప్పిస్తామని చెప్పి అందులో వాటా అడిగే దళారులు ప్రతి ఊళ్లోనూ తయారయ్యారు. స్పర్శ్ పేరు చెప్పి ఫోను చేసి ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేసేవాళ్లు మరీ ప్రమాదం. అందుకే మా పిల్లలకు ఒక కట్టుబాటు: ఓటీపీ వచ్చినప్పుడు ఆ పెద్దమనిషి ఇంటివారే చూసి నొక్కాలి, పాస్‌వర్డ్ మనం రాసుకోకూడదు, ఆధార్ ఫోటో మన ఫోనులో ఆ పూట కూడా మిగలకూడదు. సర్వీసులో ఉన్నవారి యూనిట్, ఊరు, యూనిఫాం ఫోటో ఎక్కడా పెట్టకూడదు. ఒకసారి మా కుర్రాడు ఉత్సాహంతో ఒక జవాను ఫోటో పెట్టాడు. ఆ రాత్రే తీయించాం.

మాట తీరు గురించీ చెప్పాలి. కొత్తగా చేరిన పిల్లలు మొదట అడిగే ప్రశ్న "యుద్ధం చేశారా తాతా, ఎంతమందిని చంపారు?" అది అడగవద్దని ముందే చెప్పండి. వంట ఎవరు చేసేవారు, చలికి ఏం తొడిగేవారు, ఇంటికి రైలు ఎన్ని రోజులు పట్టేది, ఇవి అడిగితే గంటల తరబడి చెబుతారు. చెప్పదలిస్తే మిగతాదీ వారే చెబుతారు. చెప్పకపోతే వదిలేయాలి. రాత్రిళ్లు నిద్ర లేకుండా లేచి కూర్చుంటారని ఇంట్లోవారు చెబితే, దాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు, మనమే వైద్యం చేయబోకూడదు. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉందో లేదో చూసి, పాలీక్లినిక్‌కు వెంట తీసుకువెళ్లాలి. 2003 నుంచి ఆ పథకం ఉన్నా కార్డు చేయించుకోనివారు ఇంకా కనిపిస్తారు.

మొదలుపెట్టేటప్పుడు ముందుగా మీ జిల్లా సైనిక సంక్షేమ అధికారిని కలవండి. పని చేయడానికి వచ్చామని చెబితే ఆ కార్యాలయాలు సంతోషిస్తాయి, అక్కడి సిబ్బంది తక్కువ. ఫారాలు ఏవో, ఏ కాగితం మీద ఎవరి సంతకమో వారి దగ్గరే నేర్చుకోండి. తర్వాత ఒక్క పల్లె తీసుకోండి. ఒక నోటుపుస్తకంలో ఇంటికొక పేజీ. ఏ తేదీన ఏ కాగితం ఎక్కడికి పంపారో, స్పీడ్ పోస్టు రసీదు నంబరుతో సహా రాసుకోండి. ఆ రసీదు పారేయకండి, పాత పోస్టల్ ఉద్యోగిగా బతిమాలుకుంటున్నాను.

నా పుస్తకంలో ఇప్పుడు పదకొండు పేజీలు ముగియకుండా ఉన్నాయి. వాటిలో ఒకటి నాసిక్‌కు వెళ్లిన కాగితం, ఐదో నెల. ఆ ఇంటి ఆమె ప్రతి సోమవారం పదింటికి ఫోను చేస్తారు. ఇంకా రాలేదమ్మా అని చెబుతాను. సరే నాయనా, వచ్చే సోమవారం చేస్తాను అంటారు. ఆ సమయానికి నేను ఇంకో పని పెట్టుకోను.