ఇంటిపేరు మఠం అయితే పూర్వీకులు సన్యాసులేనా?

ప్రశ్న: మా ఇంటిపేరు మఠం. ఆఫీసులో కొత్తగా చేరినాయన "మీ పూర్వీకులు సన్యాసులా?" అని అడిగారు. సన్యాసులకు పెళ్లే ఉండదు కదా, మరి ఈ పేరు తరతరాలుగా ఎలా వచ్చింది? మా నాన్నగారూ చెప్పలేకపోయారు.
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరినో, వృత్తినో, ఉన్న చోటునో పట్టుకుని వచ్చినవి. కాబట్టి మఠం అన్న పేరు చూడగానే సన్యాసి సంతానం అనుకోనక్కర్లేదు.

మఠమంటే నలుగురు స్వాములు జపం చేసుకునే చోటు మాత్రమే కాదు. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. కాకతీయ రాణి రుద్రమదేవి, గోళకీ మఠం అనే శైవ మఠానికి గురువైన విశ్వేశ్వర శంభువుకు ఇచ్చిన దానం అందులో ఉంది. దానితో ఆయన గుడి, మఠం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా నడిపించారు. ఇంత నడవాలంటే వైద్యుడు కావాలి, లెక్కలు రాసేవాడు కావాలి, వంటవాళ్లు, కావలివాళ్లు కావాలి. వాళ్లలో సంసారులుంటారు, పిల్లాపాపలుంటారు. అలాంటి చోట ఒక కుటుంబాన్ని ఊరివాళ్లు "మఠం వాళ్లు" అని పిలిస్తే, రెండు తరాలకల్లా అదే ఇంటిపేరై కూర్చుంటుంది.

ఇంకో దారీ ఉంది. మఠాధిపతే గృహస్థు కావచ్చు. కడప జిల్లా కందిమల్లయపల్లెలో స్థిరపడ్డ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి భార్య గోవిందమ్మ, బిడ్డలు ఉన్నారు. మఠం వారసత్వం ఆ కుటుంబంలోనే సాగింది. ఇప్పుడు ఆ ఊరి పేరే బ్రహ్మంగారి మఠం.

మెడలో లింగం కట్టుకునే శివభక్తులైన వీరశైవుల్లో గురువులుగా ఉండే జంగాలూ అంతే. ఊరూరా తిరిగి శివభక్తి చెప్పినా, ఎక్కువమంది పెళ్లి చేసుకుని కాపురాలు చేసినవాళ్లే. కన్నడదేశంలో హిరేమఠ్ అని వింటారే, అక్కడ అది ఎక్కువగా జంగమ కుటుంబాల పేరు. పాతికేళ్ల క్రితం నేను కాలేజీలో హాజరు పిలుస్తుంటే జంగం, దాసరి, జోగి అన్న పేర్లు ఒకే క్లాసులో వచ్చేవి. జోగి యోగి నుంచి వచ్చింది. దాసరి విష్ణుభక్తుడు, పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాడు. ఇక భిక్షపతి, భిక్షమయ్య అన్న పేర్లు తెలంగాణలో ఎంతమందికో. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టినవాణ్ని దేవుడు పెట్టిన భిక్షగా తలచి పెట్టుకునేవారు. ఆ పేరు వెనుక ఒక తల్లి భయం ఉంది. దాన్ని చులకన చేసి మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది.

భిక్ష మీద బతికిన సన్యాసులకు మన హైదరాబాద్‌లోనే ఇంకా పాత ఆనవాలు ఉంది. మూసీ ఒడ్డున చైతన్యపురిలో కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. భిక్ష మీద బతికే బౌద్ధ భిక్షువులను అందులో పిండపాతికులు అన్నారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు, ఒక ఆదివారం చూసి రండి. అనకాపల్లి దగ్గర శంకరం ఊరు కూడా సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువులు ఉండే విహారం, అన్న మాట నుంచే పేరు తెచ్చుకుందని చెబుతారు.

మీ ఇంటి సంగతి తేల్చుకోవాలంటే పెద్దవాళ్లను మూడు అడగండి. సొంతూరు ఏది, అక్కడ ఏ మఠం ఉంది? గోత్రం నందియా, భృంగియా, వీరభద్రమా, లేక మరొకటా? మీ ఇంట్లో పోయినవాళ్లను దహనం చేస్తారా, సమాధి చేస్తారా? నంది, భృంగి, వీరభద్ర గోత్రాల్లో ఒకటి, మెడలో లింగం కట్టుకోవడం, సమాధి చేయడం ఉంటే జంగమ సంబంధం ఉండే అవకాశం ఎక్కువ. అవేవీ లేకపోతే మఠం పక్కన ఇల్లు, మఠం భూమి కౌలు, మఠంలో కొలువు, వీటిలో ఏదో ఒకటై ఉండవచ్చు. పాత పట్టా కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అవి చదివించండి.