విండోస్ 10 పీసీలను ఉబుంటుకి మార్చాలా?

గాజువాక షాపులోని విండోస్ 10 పీసీల్లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓపెన్ సోర్స్ సిస్టమ్) వేస్తే, కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి హ్యాకింగ్ ఎక్కువవుతుందా అని అడిగారు కదండీ. ఆ టెన్షన్ వద్దు. కోడ్ కనిపిస్తుంది కాబట్టే అందులో తప్పుల్ని బయటివాళ్లూ పట్టుకోగలరు. 2024లో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో (ఉబుంటు లాంటి సిస్టమ్‌లు ఫైళ్లను కుదించడానికి వాడే ఓపెన్ సోర్స్ కోడ్) ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని కోడ్ తవ్వి దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగే! అలాగని ఓపెన్ సోర్స్‌లో అన్నీ దొరికిపోతాయనీ కాదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ భద్రతా కోడ్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం రెండేళ్లు ఎవరి కంటా పడలేదు.

అసలు దెబ్బ అప్‌డేట్ల దగ్గరే. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఆంధ్రప్రదేశ్ పోలీసుల విండోస్ కంప్యూటర్లనూ పట్టుకుంది. అది వాడుకున్న లోపానికి ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చింది, కానీ చాలామంది వేసుకోలేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే ఇలాంటి అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ట్యాలీ (విండోస్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్) వాడే పీసీ ఉంటే దాన్ని విండోస్ 11కి మార్చండి. మిగతావాటిలో ఉబుంటు 24.04 వేసుకోవచ్చు, కానీ ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ప్రింటర్ పనిచేస్తోందో లేదో చూసుకోండి.