అది బ్యాంకా, లైట్‌హౌసా?

ప్రశ్న: సెలవులకి పిల్లల్ని చెన్నై తీసుకెళ్లి సెయింట్ జార్జ్ కోటలో మ్యూజియం చూపించాం. ఆ మేడ ఒకప్పుడు బ్యాంకు అని ఒకాయన, కాదు లైట్‌హౌస్ అని ఇంకొకాయన చెప్పారు. ఏది నిజమని మా అబ్బాయి ఒకటే అడుగుతున్నాడు. - ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రెండూ నిజమేనమ్మా, బాబుకి అదే చెప్పండి. 1795లో పూర్తయిన ఆ మేడలో మద్రాస్ బ్యాంకు ఆఫీసు ఉండేది. పైన మీరు చూసిన పొడవాటి హాలు, అదే ఇప్పుడు పెద్ద పెద్ద పటాలు పెట్టిన హాలు, వర్తకులూ ఓడల కెప్టెన్లూ కలిసి బేరాలు మాట్లాడుకునే చోటు. లాటరీలు కూడా అక్కడే తీసేవాళ్లు.

మరి లైట్‌హౌస్ ఎందుకంటే, అప్పటికి మద్రాసుకి హార్బరే లేదు. ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరేసుకుంటే, మనుషులూ సరుకులూ కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో ఆ అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డుకి రావాలి. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బలకి విడిపోతుంది, కుట్టిన పడవైతే కాస్త వంగి తట్టుకుంటుంది. అలాంటి తీరానికి రాత్రిపూట వచ్చే ఓడకి ఊరెక్కడుందో తెలియాలి కదా, అందుకని 1796లో ఈ మేడ మీదే దీపం పెట్టారు. మద్రాసు మొదటి లైట్‌హౌస్ అదే. వెలిగించింది కొబ్బరినూనెతో! ఇది చెబితే మీ వాడు తప్పకుండా గుర్తుపెట్టుకుంటాడు.

1844లో దీపం, ఇప్పుడు హైకోర్టు దగ్గర కనిపించే రాతి స్తంభం మీదికి మారిపోయింది. తర్వాత కొంతకాలం ఈ మేడ సైనికాధికారుల మెస్. 1948లో మ్యూజియం అయింది. 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున ఇదే కోట మీద ఎగరేసిన పట్టు జెండా ఇప్పుడు అక్కడే ఉంది, చూడకపోతే మళ్లీ వెళ్లైనా చూడండి.

నన్నడిగితే కత్తులూ నాణేలకంటే ముందు పిల్లలకి ఆ మేడనే చూపించాలి. బయట నిలబెట్టి తలెత్తి పైకి చూడమనండి, దీపం అక్కడ ఉండేదని చెప్పండి, లోపలికి తర్వాత వెళ్లొచ్చు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.